ఎనిమిదో పన్ను తీయించాలా వద్దా అంటే, ముందు ఏడో పన్నును చూడాలి

హుజూరాబాద్ నుంచి ఒక అన్న తన చెల్లెలి గురించి అడిగారు. అమ్మాయికి 23 ఏండ్లు. కింది ఎడమ దవడ చివర ఎనిమిది నెలల్లో రెండుసార్లు చిగురు వాచింది. నోరు సరిగా తెరుచుకోక నాలుగైదు రోజులు జావ మీదే ఉంది. రెండుసార్లూ ఊర్లో ఆర్‌ఎంపీ డాక్టరు ఇంజెక్షన్లు ఇస్తే తగ్గింది. హన్మకొండలో, పండ్లన్నీ ఒకే ఫిల్ములో కనిపించే ఓపీజీ ఎక్స్‌రే తీయిస్తే కింది రెండు జ్ఞానదంతాలూ ముందుకు ఒరిగి సగమే బయటికి వచ్చాయని, పైవి రెండూ నిటారుగా ఉన్నాయని తెలిసింది. ఒక డాక్టరు నాలుగూ తీసేద్దామన్నారు. ఇంకొకరు నొప్పి లేనప్పుడు ముట్టుకోవద్దన్నారు. మాఘంలో పెళ్లి, తర్వాత దుబాయ్ ప్రయాణం. పై పన్ను పీకిస్తే కంటిచూపు పోతుందని ఇంట్లో పెద్దవాళ్ల భయం.

అన్నా, ముందు సూటిగా చెప్తాను. ఎడమ కిందిది తీయించండి, పెళ్లి తర్వాత చూద్దామని ఆపకండి. కుడి కిందిది ఇప్పటిదాకా నొప్పి పెట్టకపోయినా, దాని ముందున్న ఏడో పన్నుకు ఆనుకుని ఉంటే దాన్నీ తీయించడమే మేలు. పైవి రెండూ తీయాలా వద్దా అన్నది కిందివాటి మీద ఆధారపడి ఉంటుంది. నాలుగూ ఒకేసారి తీసేయాల్సిందే అన్న మాటా, నొప్పి లేదు కాబట్టి ఏదీ ముట్టుకోవద్దన్న మాటా, రెండూ మీ చెల్లెలి నోటిని చూసి చెప్పినట్టు లేవు.

జ్ఞానదంతం ఉండటం జబ్బు కాదు. 17 నుంచి 25 ఏండ్ల మధ్య వచ్చే ఆఖరి దవడ పన్ను అది. పూర్తిగా బయటికి వచ్చి, ఎదురు పన్నుతో కలిసి నమిలే పని చేస్తూ, బ్రష్షు అందేలా ఉంటే దాన్ని పీకడానికి ఏ కారణమూ లేదు. ముందరి పండ్ల మధ్య నుంచి వెనక్కి లెక్కపెడితే అది ఎనిమిదోది. నమలడానికి నిజంగా పనికొచ్చేది, జీవితాంతం కాపాడుకోవాల్సింది దాని ముందున్న ఏడోది. ఎనిమిదో పన్ను వల్ల ఏడో పన్నుకు చెరుపు జరుగుతోందా, జరగబోతోందా, ఎనిమిదోదాన్ని రోజూ శుభ్రంగా ఉంచుకోవడం వీలవుతోందా, ఈ విషయాలు తేలితే నిర్ణయం ముప్పాతిక భాగం అయిపోయినట్టే.

మీ చెల్లెలికి వచ్చిన వాపు ఎలా వస్తుందో చూడండి. పన్ను సగం వచ్చి ఆగిపోయినప్పుడు మిగతా సగం మీద చిగురు మూతలా పడి ఉంటుంది. ఆ మూత కింద సన్నని సందు ఏర్పడుతుంది. అందులోకి అన్నం మెతుకులు, పాచి చేరతాయి. బ్రష్షు లోపలికి పోదు. గాలి తగలని ఆ చోట ఆక్సిజన్ అక్కర్లేని బ్యాక్టీరియా పెరిగి చిగురు ఉబ్బుతుంది. ఉబ్బిన చిగురును పై పన్ను ప్రతిసారీ కొరుకుతుంటే వాపు ఇంకా పెరుగుతుంది. దవడ మూసే కండరం పక్కనే కాబట్టి అది బిగుసుకుని నోరు తెరుచుకోదు. మందులతో ఆ పూట బ్యాక్టీరియా తగ్గుతుంది గానీ మూత అలాగే ఉంటుంది, సందు అలాగే ఉంటుంది. అందుకే మళ్లీ వస్తుంది.

ఒక్కసారి మాత్రమే, అదీ కొద్దిగా వచ్చి తగ్గితే పన్ను తీయాలని లేదు. అనవసరంగా జ్ఞానదంతాలు పీకే అలవాటును ఆపడానికి బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2000లో కఠినమైన మార్గదర్శకం ఇచ్చింది. జబ్బు లేని పన్నును ముందుజాగ్రత్త పేరుతో తీయొద్దని దాని సారాంశం. అంత గట్టిగా చెప్పిన ఆ మార్గదర్శకం కూడా మొదటిసారే తీవ్రంగా వస్తే గానీ, రెండోసారి వస్తే గానీ తీయించడం సబబే అంటుంది. మీ చెల్లెలు రెండో గీత దాటింది. నొప్పి లేనప్పుడు ముట్టుకోవద్దన్న డాక్టరు గారు బహుశా ఎక్స్‌రే ఒక్కటే చూశారేమో, రెండు దాడుల సంగతి ఆయనకు వివరంగా చెప్పారో లేదో గుర్తుచేసుకోండి.

ఇక కుడి వైపు. ఇది అసలు ఆలోచించాల్సిన చోటు. ముందుకు ఒరిగిన ఎనిమిదో పన్ను తన నెత్తిని ఏడో పన్ను వెనక గోడకు ఆనిస్తుంది. ఆ మూలలో ఇరుక్కున్నది బ్రష్షుకు అందదు, పుక్కిలించినా పోదు. కొన్నేళ్లకు ఏడో పన్ను వెనక, చిగురు అంచు దగ్గర పుచ్చు మొదలవుతుంది. బయటికి కనిపించదు, నొప్పి ఉండదు. నొప్పి వచ్చేసరికి పుచ్చు నరం దాకా పోయి ఉంటుంది. ఆ చోటును నింపడం కష్టం, రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయడం ఇంకా కష్టం, కొన్నిసార్లు ఏడో పన్ను కూడా పోతుంది. 2000 మార్గదర్శకాన్ని తర్వాత అక్కడి సర్జన్లే విమర్శించడానికి కారణం ఇదే. తీయకుండా ఉంచిన చాలామంది పెద్ద వయసులో, ఏడో పన్ను పుచ్చిపోయాక వచ్చారు.

ఏ బాధా, ఏ జబ్బూ లేని జ్ఞానదంతాన్ని తీయాలా ఉంచాలా అని తేల్చడానికి తగినన్ని ఆధారాలు లేవని వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూచే కాక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్ష చెప్పింది. ఆధారం లేనప్పుడు పన్ను ఉన్న తీరు, వయసు, ఆ మనిషి మళ్లీ మళ్లీ డాక్టరు దగ్గరికి పోగలరా లేదా అన్నవి చూసి నిర్ణయించాలి. మీ చెల్లెలి ఓపీజీ ఫిల్మును వెలుతురులో పెట్టి కుడి వైపు చూడండి. ఎనిమిదో పన్ను నెత్తి ఏడో పన్నుకు ఎక్కడ తగులుతోంది? పై భాగంలో, ఇనామెల్ అనే గట్టి పై పొర దగ్గర తగిలితే ప్రమాదం కొంత తక్కువ. ఇనామెల్ అయిపోయి వేరు మొదలయ్యే మెడ దగ్గర తగిలితే పుచ్చుకు అది అనువైన చోటు. అనుమానంగా ఉంటే ఆ రెండు పండ్లకే చిన్న ఎక్స్‌రే తీయమనండి. ఓపీజీలో పక్కపక్క పండ్లు ఒకదాని మీద ఒకటి పడి కనిపిస్తాయి కాబట్టి చిన్న పుచ్చు అందులో తెలియదు.

ఎముకలో పూర్తిగా పూడిపోయి, నోట్లోకి ఏ దారీ లేని పన్ను వేరే సంగతి. దానికి అన్నం చేరదు, బ్యాక్టీరియా చేరదు. దాని చుట్టూ ఉన్న నల్లని సందు మామూలుగానే ఉంటే వదిలేసి, రెండేళ్లకోసారి ఎక్స్‌రే తీసి చూసుకుంటే చాలు. ఆ సందు 3 మిల్లీమీటర్లు దాటి పెరిగితే నీటితిత్తి అనుమానించాలి. అప్పుడు ఆగకూడదు.

ముందరి పండ్లు వంకరైపోతాయని జ్ఞానదంతాలు తీసేయమనడం కూడా తరచూ వినిపిస్తుంది. అది నిలబడే కారణం కాదు. వయసుతో పాటు ముందరి కింది పండ్లు కొద్దిగా కిక్కిరియడం జ్ఞానదంతాలు లేనివాళ్లలో కూడా జరుగుతుంది.

కంటిచూపు భయం గురించి పెద్దవాళ్లకు ఇలా చెప్పండి. పై పండ్లకు వచ్చే నరం, కంటితో చూపు తెచ్చే నరం రెండూ వేర్వేరు, ఒకదానికొకటి సంబంధం లేదు. పై పన్నుకు చీము పట్టి, దాన్ని పట్టించుకోకుండా వదిలేస్తే కంటి కింద వాపు రావడం మాత్రం నిజమే. ఆ వాపు చూసిన తర్వాత పన్ను పీకించినవాళ్లను చూసి, పీకడం వల్లే కన్ను వాచిందని అనుకున్నారు. కన్నుకు చేటు చీము వల్ల, పీకడం వల్ల కాదు.

వయసు సంగతి దాచకుండా చెప్పాలి. 25 లోపు ఎముక మెత్తగా ఉంటుంది, వేర్లు కొందరిలో ఇంకా పూర్తిగా ఏర్పడవు, కింది నరానికి కొంచెం దూరంగా ఉంటాయి. తీసిన తర్వాత ఏడో పన్ను వెనక ఎముక బాగా నిండుతుంది. 35 దాటాక అదే పన్నుకు ఎముక ఎక్కువ కోయాలి, వాపు ఎక్కువ, మానడం నెమ్మది, ఏడో పన్ను వెనక గుంట మిగిలిపోయే అవకాశం ఎక్కువ. ఎప్పటికైనా తీయాల్సిన పన్ను అని తేలితే 23 మంచి వయసు. ఎప్పటికీ తీయనక్కరలేని పన్నుకు మాత్రం వయసు ఒక్కటే కారణం కాకూడదు.

తీయించడంలో ఉన్న ప్రమాదం కూడా తూచుకోవాలి. కింది దవడ ఎముక లోపల ఒక కాలువ ఉంటుంది, అందులోంచి కింది పెదవికి, గడ్డానికి స్పర్శ ఇచ్చే నరం పోతుంది. ఎనిమిదో పన్ను వేర్లు కొందరిలో దాన్ని ఆనుకుంటాయి. పన్ను లోపలి వైపు నాలుకకు వెళ్లే నరం ఇంకొకటి ఉంటుంది. పెదవి తిమ్మిరి కొన్ని వారాలో నెలలో ఉండి పోవడం 100 మందిలో ఒకరి నుంచి ఐదుగురి దాకా జరగొచ్చు. శాశ్వతంగా మిగలడం 100లో ఒకరి కన్నా తక్కువ. కానీ ఈ లెక్క అందరికీ ఒకటి కాదు. ఓపీజీలో ఆ కాలువ రెండు తెల్లని గీతల మధ్య కనిపిస్తుంది. వేరు మీద నుంచి పోయే చోట పై తెల్ల గీత తెగినట్టు ఉన్నా, వేరు అక్కడ నల్లగా మారినా, కాలువ వంగినా, సన్నబడినా ప్రమాదం పెరిగినట్టు. అప్పుడు సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ తీసి నరం వేరుకు ఏ పక్క ఉందో చూడాలి. ఈ గుర్తులు లేకపోతే సీబీసీటీ అక్కరలేదు, ఊరికే ఖర్చు, ఊరికే రేడియేషన్.

నరం వేర్లను చుట్టుకుని ఉంటే, పన్ను నెత్తి భాగాన్ని మాత్రం కోసి తీసి, వేర్లను ఎముకలోనే వదిలేసే పద్ధతి ఉంది. కొరోనెక్టమీ అంటారు. వేరుకు చీము, పుచ్చు ఉంటే ఇది కుదరదు. తర్వాత ఆ వేర్లు కొంచెం పైకి జరగొచ్చు, కొద్దిమందికి రెండోసారి తీయాల్సి రావచ్చు. ఈ మాట డాక్టరు ఎత్తకపోతే మీరే అడగండి.

పై పండ్ల సంగతి. ఎడమ కిందిది తీసేశాక ఎడమ పైదానికి నమలడానికి ఎదురు పన్ను ఉండదు. ఎదురు లేని పన్ను ఏళ్లు గడిచేకొద్దీ కిందికి దిగి చెంపను గానీ, కింది చిగురును గానీ గీరుతుంది, దాని పక్కన అన్నం ఇరుక్కుంటుంది. పై ఎనిమిదోది కొంతవరకు కింది ఏడో పన్ను మీద కూడా ఆనుతుంటే దిగదు, ఉంచొచ్చు. ఆనకపోతే కిందిది తీసే రోజే దాన్నీ తీసేయడం తెలివైన పని. నిటారుగా వచ్చిన పై పన్ను మత్తు ఎక్కాక కొద్ది నిమిషాల పని. కింద నొప్పిగా ఉన్న సమయంలో దాని నొప్పి విడిగా తెలియను కూడా తెలియదు. పై పన్ను వేర్ల మీదే ముక్కులోకి తెరుచుకునే సైనస్ అనే గాలి గది ఉంటుంది కాబట్టి తీసిన తర్వాత రెండు వారాలు ముక్కు గట్టిగా చీదకూడదని చెప్పించుకోండి.

ఇప్పుడు అన్నింటికన్నా ముఖ్యమైన ఒక మాట. మళ్లీ వాపు వస్తే ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించి పంపకండి. ఆ ఇంజెక్షన్లలో తరచుగా ఉండేది డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్, ఏదో ఒక యాంటీబయాటిక్. స్టెరాయిడ్ వాపును, నొప్పిని కప్పేస్తుంది, లోపల చీము మాత్రం పాకుతూనే ఉంటుంది. కింది ఎనిమిదో పన్ను చీము నాలుక కిందికి, గొంతు పక్కకు దిగే దారిలో ఉంది. జ్వరం, దవడ కింద గట్టి వాపు, మింగడం కష్టం కావడం, గొంతు మారడం, లాలాజలం మింగలేక కారడం, నోట్లో రెండు వేళ్లు కూడా పట్టకపోవడం, ఇవి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చేసి వరంగల్ ఎంజీఎం లాంటి పెద్ద దవాఖాన అత్యవసర విభాగానికి తీసుకుపోవాలి. ఊపిరాడకపోతే అది గంటల వ్యవహారం.

అంత తీవ్రంగా లేకపోతే ఇంట్లో చేయగలిగింది చాలా ఉంది. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి, రోజుకు ఐదారుసార్లు ఆ పక్కకు పట్టి పుక్కిలించాలి. సూది తీసేసిన సిరంజితో అదే నీళ్లను మూత కిందికి మెల్లగా కొట్టి కడిగితే ఇంకా మంచిది, లోపలున్నది బయటికి వస్తే సగం వాపు దానంతటదే తగ్గుతుంది. పెద్దలకు నొప్పికి ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు కలిపి తిన్న తర్వాత వేసుకుంటే, ఏ ఒక్కటి వేసుకున్నదానికన్నా బాగా పనిచేస్తుంది. కాంబిఫ్లామ్‌లో ఈ రెండు మందులూ ఉన్నాయి, పారాసిటమాల్ మాత్రం 325 మిల్లీగ్రాములే. దాని మీద డోలో కూడా వేసుకుంటే పారాసిటమాల్ రెండుసార్లు వేసుకున్నట్టవుతుందని మరవొద్దు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్లు ఐబుప్రొఫెన్ జోలికి పోకూడదు. వానాకాలం, ఆ తర్వాత నెలల్లో జ్వరం ఉంటే డెంగీ కాదని తేలేవరకు కూడా పోకూడదు.

యాంటీబయాటిక్ జ్వరం ఉన్నప్పుడో, వాపు పాకుతున్నప్పుడో, నోరు బిగుసుకున్నప్పుడో మాత్రమే కావాలి. ఈ జబ్బుకు సాధారణంగా రాసేది మెట్రోనిడజోల్ 400 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు. అది వేసుకుంటున్నన్ని రోజులు, ఆపిన తర్వాత రెండు రోజులు కల్లు, మందు ముట్టకూడదు. గర్భం అనుమానం ఉన్నా, వేరే మందులు వాడుతున్నా ముందే చెప్పాలి.

చెంప మీద వేడి కాపడం పెట్టకండి. లోపల చీము ఉంటే ఆ వేడి వాపును బయటి చర్మం వైపుకు లాగుతుంది. లవంగ నూనె చిక్కగా నేరుగా చిగురు మీద పోస్తే కాలుతుంది. నొప్పి తగ్గాలని జర్దా, పొగాకు పొడి పన్ను దగ్గర దోపడం మన వైపు ఇంకా కనిపిస్తుంది. అది నొప్పిని మొద్దుబార్చి, పుండును పెంచుతుంది.

ఇదే ప్రశ్న తమ కోసం చదువుతున్న మగవాళ్లకు, ముఖ్యంగా గుట్కా, పాన్ మసాలా, వక్క నమిలేవాళ్లకు ఒక మాట విడిగా చెప్పాలి. నోరు తెరుచుకోకపోవడానికి కారణం ఎప్పుడూ జ్ఞానదంతమే కాదు. వక్క వల్ల చెంపల లోపలి పొర గట్టిపడి పీచులా మారి నోరు మెల్లమెల్లగా మూసుకుపోతుంది. జ్ఞానదంతం వాపుతో నోరు రోజుల్లో బిగుసుకుంటుంది, తగ్గినప్పుడు మళ్లీ తెరుచుకుంటుంది. వక్కతో వచ్చేది నెలలు, ఏళ్లు పట్టి వస్తుంది, తిరిగి తెరుచుకోదు, కారం తగిలితే నోరు మండుతుంది. మీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టకపోతే, లోపల తెల్ల మచ్చలో, మానని పుండో ఉంటే, పన్ను సంగతి తర్వాత, ముందు ఆ నోటిని చూపించుకోండి. దాన్ని పట్టించుకోకుండా నడిపితే క్యాన్సర్‌కు దారి తీయవచ్చు.

ఎవరి దగ్గర తీయించాలి? ఎముక కోయాల్సిన కింది పన్నుకు ఓరల్ అండ్ మాక్సిల్లోఫేషియల్ సర్జరీలో ఎం.డి.ఎస్. చేసినవారు కావాలి. కొందరు పంటి డాక్టర్ల దగ్గరికి సర్జన్లు వారానికి ఒక రోజు వస్తుంటారు, అడిగి ఆ రోజే పోవచ్చు. తెలంగాణ రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు బోర్డు మీద ఉండాలి. ఖర్చు గురించి పన్నుకు ఎంత, ఎక్స్‌రేకు ఎంత, కుట్లు విప్పడానికి ఎంత అని విడివిడిగా కాగితం మీద రాయించుకోండి. ఖర్చు భారమైతే హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్ దగ్గరి ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది, తక్కువ ఖర్చులో సర్జన్ల చేతనే అవుతుంది, కాకపోతే తేదీ కోసం ఆగాల్సి రావచ్చు.

వాపు ఉన్న రోజు తీయరు. చీము ఉంటే ముందు దాన్ని బయటికి తీసి, తగ్గిన వారం, రెండు వారాలకు తేదీ ఇస్తారు. వాచిన చిగురులో మత్తు మందు సరిగా పట్టదు. మామూలుగా అడ్రినలిన్ కలిపిన 2 శాతం లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ ఇస్తారు. ఐదు పది నిమిషాల్లో ఆ పక్క పెదవి, నాలుక మొద్దుబారాలి. పెదవి మొద్దుబారకముందే మొదలుపెడితే ఆపమని చెప్పండి, మళ్లీ ఇస్తారు. చిగురును కొద్దిగా కోసి పక్కకు తీస్తారు. పన్ను చుట్టూ ఎముకను బర్రు అనే గిర్రున తిరిగే సన్న పనిముట్టుతో కొంచెం తీస్తారు. పన్నును రెండు మూడు ముక్కలుగా చేసి ఒక్కో ముక్కను లేపుతారు. ముక్కలు చేయడం పని చేతకాకపోవడం కాదు, ఎముక తక్కువ తీయడానికే అలా చేస్తారు. బర్రు నడుస్తున్నంతసేపు సెలైన్ నీళ్లు పడుతూ ఉండాలి. ఎముక 47 డిగ్రీలు దాటి నిమిషం పాటు వేడెక్కితే ఆ చోట కణాలు చనిపోయి మానడం ఆలస్యమవుతుంది. తర్వాత గుంట కడిగి రెండు మూడు కుట్లు వేస్తారు. ఇదంతా 20 నుంచి 45 నిమిషాల పని. నొప్పి ఉండదు గానీ ఒత్తిడి, లాగినట్టు, శబ్దం తెలుస్తాయి. అమ్మాయికి ముందే ఈ మాట చెప్పి తీసుకుపోండి, భయం సగం తగ్గుతుంది.

ఇంటికొచ్చాక మడిచిన గాజ్ గుడ్డను 30 నుంచి 45 నిమిషాలు గట్టిగా కొరికి పట్టుకోవాలి. ఆ తర్వాత గంటగంటకూ తీసి చూడకూడదు. 24 గంటలు ఉమ్మడం, పుక్కిలించడం, స్ట్రాతో తాగడం వద్దు. గుంటలో గడ్డకట్టిన రక్తమే మానేందుకు పునాది, అది ఊడిపోకూడదు. లాలాజలం ఒక రోజు గులాబీ రంగులో ఉండటం సహజం. నోరు నిండా ఎర్రగా రక్తం వస్తూనే ఉంటే ఆ గుడ్డ మళ్లీ పెట్టి అరగంట నొక్కి, ఆగకపోతే డాక్టరుకు ఫోన్ చేయాలి. మొదటి రోజు చెంప మీద ఐస్ 15 నిమిషాలు పెట్టి 15 నిమిషాలు తీయాలి. వాపు రెండో మూడో రోజుకు పెరిగి తర్వాత తగ్గుతుంది. మూడో రోజు పెరిగిందని భయపడొద్దు. ఐదో రోజు కొత్తగా పెరిగితే మాత్రం చూపించాలి. తల కింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకోవాలి.

తిండి మొదటి రెండు మూడు రోజులు చల్లార్చిన రాగి జావ, జొన్న అంబలి, సల్లన్నం, బాగా మెదిపిన పప్పన్నం, ఇడ్లీ. వేడి, కారం, గింజలు వద్దు. రెండో వారం దాకా సర్వపిండి, సకినాలు దూరం. సకినాల నువ్వులు, పొడి ముక్కలు గుంటలో ఇరుక్కుంటే తీయడం చాలా కష్టం. రెండో రోజు నుంచి తిన్న ప్రతిసారీ ఉప్పు నీళ్లతో మెల్లగా కడగాలి. క్లోర్‌హెక్సిడిన్ అనే పుక్కిలించే మందు ఇస్తే పేస్టుతో తోమిన అరగంట తర్వాత వాడాలి. రెండు వారాలు దాటి వాడితే పండ్లకు గోధుమ రంగు మరక పడుతుంది, పెళ్లికి ముందు అది అక్కరలేదు. వారం తర్వాత గుంటలో అన్నం చేరుతుంటే సూది లేని సిరంజితో గోరువెచ్చని నీళ్లు కొట్టి కడుక్కోవాలి. గుంట పైన మూసుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, లోపల ఎముక నిండడానికి నెలలు పడుతుంది.

మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య, తగ్గుతున్న నొప్పి ఉన్నట్టుండి పెరిగి చెవి దాకా గుంజితే, నోరు వాసన వస్తే, మాత్రలు పనిచేయకపోతే అది డ్రై సాకెట్. గడ్డకట్టిన రక్తం ఊడిపోయి ఎముక బయటపడటం. కింది పండ్లకే ఎక్కువ. ఇది చీము కాదు కాబట్టి యాంటీబయాటిక్ మార్చడం వల్ల లాభం లేదు. డాక్టరు గుంట కడిగి మందు దూది పెడితే గంటలోపే ఊరట వస్తుంది. రెండు మూడుసార్లు మార్చాల్సి రావచ్చు. బీడీ, సిగరెట్ తాగేవాళ్లకు ఇది ఎక్కువ, కనీసం వారం మానాలి. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లకు కూడా ఎక్కువ. పెళ్లి ముహూర్తానికి నెలసరి జరపడానికి మాత్రలు మొదలుపెట్టే ఆలోచన ఉంటే సర్జన్‌కు చెప్పండి, ఆ రోజులకు దూరంగా తేదీ పెట్టుకోండి.

మరుసటి రోజు పొద్దున కూడా పెదవిగానీ నాలుకగానీ మొద్దుబారి ఉంటే అదే రోజు చెప్పాలి. చాలావరకు కోలుకుంటాయి. కానీ ఏ రోజు ఎంత మేర స్పర్శ ఉందో మొదటి నుంచీ రాసి పెట్టుకుంటేనే మెరుగవుతోందో లేదో తెలుస్తుంది.

బీపీ, షుగర్, గుండె జబ్బుకు వాడే, రక్తాన్ని పలచన చేసే మాత్రలు, ఎముకలకు జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్లు, గుండె కవాటం మార్చుకున్న చరిత్ర, ఇవన్నీ ముందే చెప్పాలి. క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ లాంటివి మీ అంతట మీరు ఆపకూడదు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, ములుగు ఏజెన్సీ వైపు ఆదివాసీ కుటుంబాల్లో సికిల్ సెల్ రక్తలోపం కనిపిస్తుంది కాబట్టి అక్కడివాళ్లు ఆ పరీక్ష ఒకసారి చేయించుకుని రావడం మంచిది.

మీ చెల్లెలి తేదీలు. ఇప్పుడు కార్తీకం. ఈ నెలలోనే ఎడమ వైపు, కింది పన్నూ అవసరమైతే పై పన్నూ ఒకే రోజు తీయించండి. నమలడానికి కుడి వైపు మిగులుతుంది. మూడు నాలుగు వారాలు గడిచాక కుడి వైపు. కుడి వైపు పని ముహూర్తానికి కనీసం ఆరు వారాల ముందు అయిపోవాలి. అంత సమయం లేకపోతే కుడి వైపు పెళ్లి తర్వాతకు ఉంచి, ఎడమది మాత్రం ఆపకండి. ఏడో రోజు కుట్లు విప్పుతారు. చెంప మీద నల్లబడ్డ మచ్చ పోవడానికి పది రోజులు పట్టొచ్చు, ఫోటోలు, నలుగు అన్నీ దాని తర్వాతే పెట్టుకోండి. పెళ్లయ్యాక గర్భం వస్తే ఆ తొమ్మిది నెలలు మందులు, ఎక్స్‌రేలు జాగ్రత్తగా ఎంచుకోవాల్సి వస్తుంది, చిగుళ్లు కూడా ఎక్కువగా వాస్తాయి. దుబాయ్‌లో బీమా ఉన్నా అది ఏ ఏ పంటి చికిత్సకు వర్తిస్తుందో చదివి గానీ నమ్మకండి.

కుడి కింది పన్ను తీయకుండానే వెళ్లాల్సి వస్తే, ఓపీజీ కాపీ ఫోన్‌లో, ఇక్కడి సర్జన్ రాసిన చీటీ చేతిలో ఉంచుకుని పంపండి. ఆ పక్క ఏడో పన్ను వెనక భాగాన్ని ఒకే కుచ్చు ఉన్న చిన్న బ్రష్షుతో రోజూ రాత్రి తోమమనండి. ఆరు నెలలకు ఆ రెండు పండ్లకే చిన్న ఎక్స్‌రే ఒకటి తీయించి, ఇప్పటి ఫిల్ముతో పోల్చమనండి.